తొమ్మిదో గంట పన్నెండుకు ఎలా వచ్చింది?

1, 3, 6, 9. మధ్యయుగపు ఐరోపా మఠాల గురించి చదివేటప్పుడు ఈ నాలుగు అంకెలు గుర్తుంటే పని చాలావరకు తేలికవుతుంది. ప్రైమ్, టర్స్, సెక్స్ట్, నోన్ అని ప్రార్థనలకు కనిపించే పేర్లకు లాటిన్‌లో ఒకటో గంట, మూడో గంట, ఆరో గంట, తొమ్మిదో గంట అనే అర్థం.

రోమన్లు సూర్యోదయం నుంచి పగటిని 12 గంటలుగా లెక్కించారు. వేసవిలో ఆ గంట సాగేది, చలికాలంలో కుంచించుకుపోయేది. మన పెద్దల జాముల లెక్కలో చెప్పాలంటే జాము పొద్దెక్కాక టర్స్, మిట్టమధ్యాహ్నం సెక్స్ట్, మూడు జాములకు, అంటే సుమారు 3 గంటలకు నోన్.

6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే మఠాధిపతి సన్యాసుల కోసం రాసిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. పగలు 7 సార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన చేయాలి. వారం తిరిగేసరికి బైబిలులోని 150 కీర్తనలూ పూర్తి కావాలి. చలికాలంలో రాత్రి సుమారు 2 గంటలకే నిద్ర లేవాలి. ఆ నియమావళిలోని ఒక అధ్యాయాన్ని రోజూ చదివేవారు కాబట్టే మఠంలోని ఆ గదికి చాప్టర్ హౌస్ అని పేరు పడింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 41వ అధ్యాయం. సెప్టెంబరు మధ్య నుంచి ఈస్టరు ముందరి ఉపవాసకాలం మొదలయ్యేదాకా భోజనం తొమ్మిదో గంటకే. రాత్రి 2 గంటలకే లేచిన మనిషి మధ్యాహ్నం 3 దాకా పస్తుండాలన్నమాట! నోన్ ప్రార్థన ముందుకు జరిగితే దాంతోపాటు భోజనమూ జరుగుతుంది. మెల్లమెల్లగా జరిగింది కూడా. పాత ఇంగ్లిషులో 3 గంటలను సూచించిన నోన్, 14వ శతాబ్దానికి 12 గంటల ‘నూన్’ అయి కూర్చుంది. ఆకలే దీన్ని లాగిందని చెప్పేవాళ్లున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆరో గంట మాత్రం స్పానిష్‌లో ‘సియెస్టా’గా, మధ్యాహ్నపు కునుకుగా మారింది. వేసవిలో ఆరో గంట భోజనమయ్యాక పడుకోవడానికి బెనెడిక్టే 48వ అధ్యాయంలో అనుమతి ఇచ్చాడు.

మఠాధిపతి ‘అబాట్’ పేరు అరామిక్ మాట ‘అబ్బా’ నుంచి వచ్చింది. తండ్రి అని అర్థం. తెలుగు బైబిలు చదివేవారికి ఆ మాట పరిచయమే. భోజనశాలను ‘ఫ్రేటర్’ అన్నారు. చూడటానికి అది లాటిన్‌లో సోదరుడనే మాటలా ఉంటుంది. నిజానికి రెఫెక్టోరియం అనే మాట ఫ్రెంచి నోళ్లలో అరిగి మిగిలిన రూపం.

ఉచ్చారణలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. నోన్‌కూ, ఇంగ్లిషులో ‘ఏదీ లేదు’ అనే మాటకూ స్పెల్లింగ్ ఒక్కటే. అలవాటు కొద్దీ ‘నన్’ అంటే వినేవారికి సన్యాసిని గుర్తుకొస్తుంది. దీర్ఘంగా నోన్ అనండి. పడుకోబోయే ముందరి చివరి ప్రార్థన పేరు, ‘పూర్తయింది’ అనే లాటిన్ మాట నుంచి వచ్చినది, రాతలో కాంప్లైన్‌లా కనిపిస్తుంది. పలకాల్సింది కాంప్లిన్.