కంప్యూటర్ ఇంట్లో ఒక దుబాసి

కంప్యూటర్‌కు ఏ భాష వచ్చు? ఇంగ్లీషు అంటారు కొందరు. అది సరికాదు. కంప్యూటర్‌కు గుండెకాయ వంటి ప్రాసెసర్‌కు ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. దానికి తెలిసినవి 0, 1 అనే రెండు గుర్తులు మాత్రమే. కూడిక చేయాలన్నా, బొమ్మ గీయాలన్నా, ఆ పనిని ఈ రెండు గుర్తుల వరుసలుగా మార్చి చెబితే తప్ప అది కదలదు.

అటువంటి వరుసలు రాయడం మనకు చాలా కష్టం. మరి దారి ఏమిటి? పూర్వం ఒకరి భాష ఒకరికి రాని వర్తకులు బేరమాడుకోవలసి వస్తే, మధ్యలో దుబాసి ఉండేవాడు. దుబాసి అంటే రెండు భాషలు తెలిసినవాడు. కంప్యూటర్‌లో ఈ పని చేసే ప్రోగ్రామును ఇంటర్‌ప్రెటర్ అంటారు. మనం తేలిక మాటలతో రాసిన ఆజ్ఞలను అది చదివి, ఒక్కొక్కటిగా యంత్రం చేత చేయిస్తుంది. ప్రోగ్రామింగ్ భాషను కంప్యూటర్‌లో స్థాపించడం అంటే ఈ దుబాసిని తెచ్చి అందులో కాపురం పెట్టించడమే.

పుట్టుకతోనే దుబాసి

కొత్తగా నేర్చుకునేవారి కోసం 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు 'బేసిక్' అనే భాషను తయారు చేశారు. 1981లో ఇంగ్లండులో వచ్చిన బి.బి.సి. మైక్రో అనే చిన్న కంప్యూటర్‌లో ఈ భాష తెలిసిన దుబాసిని ఫ్యాక్టరీలోనే ఒక చిప్పులో ముద్రించి అమర్చారు. స్విచ్చి వేయగానే బేసిక్ సిద్ధంగా ఉండేది. 1984లో మన దేశంలో కొన్ని పాఠశాలలలో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు వచ్చిన యంత్రాలు ఇవే.

నేటి విండోస్ కంప్యూటర్‌లో మనకు కావలసిన దుబాసి సాధారణంగా ముందే ఉండడు. మనమే పిలుచుకు రావాలి.

దుబాసిని తెచ్చే పద్ధతి

ఉదాహరణకు పైథాన్ భాషను తీసుకుందాం. దీన్ని హాలెండు దేశస్థుడు గైడో వాన్ రోసమ్ తయారుచేసి 1991లో మొదటిసారి అందరికీ అందించాడు. ఈ పేరు కొండచిలువను చూసి పెట్టింది కాదు. ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమం పేరులోనుంచి తీసుకున్నది. దీనికి డబ్బు చెల్లించనక్కరలేదు.

మొదట పైథాన్ డాట్ ఆర్గ్ అనే అసలు చోటికే వెళ్లండి. ఊరూపేరూ లేని చోట్ల నుంచి తెచ్చుకుంటే దుబాసితో పాటు దొంగ కూడా ఇంట్లో చొరబడవచ్చు. బడిలోని కంప్యూటరైతే ముందుగా ఉపాధ్యాయుని అనుమతి తీసుకోండి. 3 అంకెతో మొదలయ్యే రకాన్నే ఎంచుకోండి. 2తో మొదలయ్యే పాత రకానికి మరమ్మతులు చేయడం 2020లో ఆపివేశారు. తెచ్చుకున్న ఫైలును నడిపిస్తే అదే తనను తాను స్థాపించుకుంటుంది. లినక్స్ కంప్యూటర్లలో చాలావాటిలో పైథాన్ ముందే ఉంటుంది.

విలాసం తెలియకపోతే?

చాలామంది ఇక్కడే నిరాశపడి ఆపివేస్తారు. అన్నీ సరిగానే చేస్తారు. కాని ఆజ్ఞలు టైపు చేసే నల్లని కిటికీలో పైథాన్ అని పిలిస్తే, 'ఆ పేరుగల ఆజ్ఞ నాకు తెలియదు' అనే అర్థం వచ్చే జవాబు వస్తుంది. అది మీ తెలివితక్కువ కాదు. దుబాసి ఇంట్లోనే ఉన్నాడు. ఏ గదిలో ఉన్నాడో కంప్యూటర్‌కు తెలియదు, అంతే. ప్రోగ్రాములు ఉండే చోట్ల విలాసాలను కంప్యూటర్ ఒక పట్టికలో రాసి ఉంచుకుంటుంది. దాని పేరు 'పాత్'. స్థాపించేటప్పుడు పాత్‌లో చేర్చమంటారా అని అడిగే గడి కనిపిస్తే దానిలో టిక్కు పెట్టండి. అప్పుడు ఈ చిక్కు రాదు.

పైథాన్‌తో పాటు వచ్చే 'ఐడిల్' అనే కిటికీని మెనూలో వెతికి తెరిస్తే పాత్‌తో పనిలేదు. అందులో >>> అనే గుర్తు కనిపిస్తుంది. 'చెప్పండి, వింటున్నాను' అని దానికి అర్థం.

పరీక్షించి చూడండి

2 + 3 అని టైపు చేసి ఎంటర్ మీట నొక్కండి. 5 వస్తుంది. ఇప్పుడు 2**100 అనండి. అంటే 2ను 100 సార్లు వేసి గుణించమని. క్షణంలో 1267650600228229401496703205376 అని 31 అంకెల జవాబు వస్తుంది.

తరువాత 7/0 అడగండి. ఎర్రని అక్షరాలు వస్తాయి. భయపడకండి. వాటిలో చివరి వరుస చదవండి: సున్నతో భాగించానని అది చెబుతుంది. దుబాసి మిమ్మల్ని తిట్టడం లేదు, ఎక్కడ అర్థం కాలేదో చూపిస్తున్నాడు. ఏ తప్పు వచ్చినా ముందు చివరి వరుస చదవడం అలవాటు చేసుకోండి.

పైథాన్ 3లో పేర్లు తెలుగులో కూడా పెట్టవచ్చు:

>>> వయసు = 14
>>> వయసు + 5
19

చివరగా ఒక తమాషా. మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టడానికి ఎల్, ఇ, ఎన్ అనే మూడు ఇంగ్లీషు చిన్న అక్షరాల ఆజ్ఞ ఉంది. దాని పక్కన బ్రాకెట్లలో, కొటేషన్ గుర్తుల మధ్య "తెలుగు" అని రాసి అడగండి. మూడు అని మనం అనుకుంటాం. పైథాన్ 6 అంటుంది! త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని అది లెక్కిస్తుంది. మన గుణింతాలను కంప్యూటర్ అలా విడివిడిగా దాచుకుంటుందన్నమాట. మరి "అమ్మ" అంటే ఎంత వస్తుంది? ముందు మీరు కాగితం మీద లెక్క వేయండి. తరువాత దుబాసిని అడగండి.