కార్డు ముసలిదైందా?

మొన్న మార్చి నెలాఖరులో జంగారెడ్డిగూడెం వెళ్తే, చేతిలో సంచి కింద పెట్టకముందే మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, గ్రాఫిక్స్ కార్డు మార్చేయమంటావా?"

వాడి కంప్యూటర్లో ఉన్నది రేడియాన్ ఆర్‌ఎక్స్ 480. 2022 చివర్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఔననో కాదనో చెప్పేముందు ఆ కార్డు పుట్టుపూర్వోత్తరాలు వాడికి చెప్పాలనిపించింది. దాని పుట్టుకలో మన గోదావరి మనిషి చెయ్యి ఉంది మరి.

జంగారెడ్డిగూడెం నుంచి కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి దాటుకుంటూ పోతే గోదావరి ఒడ్డున కొవ్వూరు వస్తుంది. నేనన్న ఆ మనిషి, రాజా కోడూరి, పుట్టింది అక్కడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివి, 1996లో ఎస్3 సంస్థలో చేరారు. 2001లో ఏటీఐకి వెళ్ళారు. ఆ సంస్థను 2006లో ఏఎండీ కొనేసింది. మధ్యలో కొన్నాళ్ళు ఆపిల్‌లో చేసి, 2013లో ఏఎండీకి తిరిగొచ్చారు. 2015లో గ్రాఫిక్స్ పనంతటినీ ఒక విభాగంగా వేరుచేసి ఆయన చేతిలో పెట్టారు. ఆ విభాగం 2016 జూన్ 29న అమ్మకానికి తెచ్చిన కార్డే ఇది. చిప్పు వంశం పేరు పొలారిస్, అంటే ధ్రువ నక్షత్రం. 4 జీబీ రకం విడుదల నాటి ధర 199 డాలర్లు. వర్చువల్ రియాలిటీ ఆడించగల కార్డు మామూలు జేబుకు అందాలన్నది అప్పటి పట్టుదల.

ఇంతకీ ఇది చేసే పనేమిటి? వాడి తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నాయి. మొత్తం 20,73,600. సెకనుకు 60 బొమ్మలు మారాలంటే ఒక్కో బొమ్మకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. ఆలోగా ప్రతి చుక్కకీ రంగు తేల్చాలి. ప్రాసెసర్ తెలివైనదే గానీ దానికున్న చేతులు కొద్ది. మా వైపు వర్జీనియా పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పచ్చాకు దిగగానే ఆడవాళ్ళు వరసగా కూర్చుని కర్రలకు అల్లుతారు. పక్కావిడ కర్ర పూర్తయ్యేదాకా ఎవరూ ఆగక్కర్లేదు. చుక్కల లెక్క కూడా అలాంటిదే. అందుకని గ్రాఫిక్స్ చిప్పులో చిన్నచిన్న చేతులు వేలల్లో పెడతారు. ఆర్‌ఎక్స్ 480లో అవి 2304. బొటనవేలి గోరంత చిప్పు మీద 570 కోట్ల ట్రాన్సిస్టర్లు. పూర్తి వేగంలో సెకనుకు సుమారు 5.8 లక్షల కోట్ల లెక్కలు చేస్తుంది.

2017లో ఆ చేతులకు వేరే కూలి దొరికింది. ఈథీరియం క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్ళు ఈ కార్డుల కోసం ఎగబడ్డారు. ఆటలాడే పిల్లలకు దుకాణాల్లో కార్డు దొరకలేదు, దొరికితే ధర అందలేదు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తవ్వకం పద్ధతినే వదిలేసింది. పని పోయిన కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారుకొచ్చాయి. మావాడిదీ ఆ వరదలో కొట్టుకొచ్చిందే అయ్యుంటుంది.

క్యాబినెట్ మూత తీశాం. ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి దుమ్ము. వేడిని లాగే అల్యూమినియం రేకుల సందుల్లో అదే దుమ్ము గుడ్డపేలికలా పేరుకుపోయింది. వెనక ఉన్న స్ప్రింగు మరలు విప్పి చూస్తే, చిప్పుకీ లోహానికీ మధ్య ఉండాల్సిన థర్మల్ పేస్ట్ ఎండి సుద్దలా రాలింది. ఈ కార్డు లాగే కరెంటు 150 వాట్లు, రెండు సీలింగ్ ఫ్యాన్లంత. ఆ కాస్త జాగాలో అంత వేడి పుడితే, పోయే దారి లేక చిప్పు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బ్యారన్‌లో వేడిని ఆకుకు పట్టిస్తారు, ఇక్కడ దాన్ని తరిమెయ్యాలి. బ్రష్‌తో దులిపి, పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగించాం. ఆడేటప్పుడు 86 డిగ్రీలు చూపించేది 73కి దిగింది. ఆట తడబడటం సగం అక్కడే పోయింది.

తర్వాత చిన్న పరీక్ష. వాడు రోజూ ఆడే వాలరెంట్‌లో రిజల్యూషన్ 1280×720కి తగ్గించమన్నాను. చుక్కలు సగానికన్నా తగ్గాయి, సెకనుకు మారే బొమ్మల, అంటే ఫ్రేముల, సంఖ్య మాత్రం కదల్లేదు. అంటే ఆ ఆటకు అడ్డం పడుతున్నది పాత ప్రాసెసర్. ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఆ డబ్బు వృథాయే. జీటీఏ 5లో అదే పని చేస్తే ఫ్రేములు ఒక్కసారిగా లేచాయి. అక్కడ కార్డుదే లోటు, కానీ నీడల నాణ్యత ఒక మెట్టు దించితే సరిపోయే లోటు. పైగా వాడి మానిటర్ 60 హెర్ట్జ్. సెకనుకు 60కి మించి ఎన్ని బొమ్మలిచ్చినా అది చూపించలేదు.

"మరి ఇండియానా జోన్స్?" అన్నాడు.

అక్కడ నేను వెంటనే ఒప్పుకున్నాను. 2024 డిసెంబరులో వచ్చిన ఆ ఆటకు వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టే ప్రత్యేక సర్క్యూట్లు చిప్పులో ఉండి తీరాలి. పొలారిస్‌లో అవి లేవు. దుమ్ము దులిపినా, సెట్టింగులు దించినా రావు. నెమ్మదించిన కార్డుతో సర్దుకుపోవచ్చు, కావలసిన అవయవమే లేని కార్డుతో సర్దుకోవడం కుదరదు. మార్చాలన్న మాట నా నోట వచ్చేది ఈ రెండో సందర్భంలోనే.

మార్చితే ఏది? ఆర్‌ఎక్స్ 580 వద్దన్నాను, అది ఇదే చిప్పును కాస్త వేగంగా పరిగెత్తించినది. ఇండియానా జోన్స్ కనీస అర్హతల్లో ఆర్‌ఎక్స్ 6600 ఉంది. చేతులు 1792 మాత్రమే, కరెంటు 132 వాట్లు, అయినా 480ని సునాయాసంగా దాటేస్తుంది. తరం మారితే చేతి పనితనమే మారిపోతుంది, అందుకే సంఖ్యలు చూసి తూచకూడదు. అదే జాబితాలో ఇంటెల్ ఆర్క్ ఏ580 కూడా ఉంది. 2017 నవంబరులో రాజా కోడూరి ఇంటెల్‌కు వెళ్ళాక ఆయన సారథ్యంలో రూపుదిద్దుకున్న వంశం అది. నాకు దాని మీద మమకారం ఎక్కువే. కానీ రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని మదర్‌బోర్డు మీద ఆర్క్ బాగా వెనకబడుతుంది, వీడి బోర్డులో అది లేదు. మమకారం పక్కన పెట్టి 6600కే ఓటేశాను.

క్యాబినెట్ మూత బిగించబోతూ, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను వెనక్కి తిప్పి చూశాను. దాని మీద వాట్ల లేబుల్ సగం చిరిగిపోయి ఉంది.

"ముందు ఇది మార్చరా."

"దీంతో ఆటేం మారదు కదా మావయ్యా!"

"మారదు. వేసవిలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ కుదుపు కార్డు దాకా వెళ్ళకుండా కాయాల్సింది ఇదే."

వాడు కాసేపు ఆలోచించి, ఫోన్లో లెక్క వేసుకున్నాడు. ఈ నెల ఎస్‌ఎంపీఎస్, సెమిస్టర్ పరీక్షలయ్యాక కార్డు. అప్పటిదాకా 480 పని చేస్తూనే ఉంటుంది.