ఉక్కు నగరంలో సొంత కొలిమి

జంషెడ్‌పూర్‌లో ఇనుముకు కరువు లేదు. ఆ ఇనుముతో శిల్పాలు చేసి బతికే స్వతంత్ర కళాకారుడికి కరువైనవి చోటు, అడ్వాన్సు, చేసిన పని మీద హక్కు

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య ఉన్న జంషెడ్‌పూర్‌లో ఇనుము ఎక్కడ దొరుకుతుందని అడిగితే జనం నవ్వుతారు. ఇక్కడి టాటా స్టీల్ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి దాదాపు 1.1 కోట్ల టన్నులు. ఖర్కాయి అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో వెయ్యికి పైగా చిన్న, మధ్యతరహా యూనిట్లు ఇనుమును కోయడం, వంచడం, తొలవడమే పనిగా బతుకుతున్నాయి. అక్కడ మిగిలిన రేకు ముక్కలు, అరిగిన గేర్లు, తెగిన చెయిన్లు, బేరింగులు తుక్కు దుకాణాలకు చేరతాయి. లోహంతో పనిచేసే శిల్పికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ శిల్పాన్నే బతుకుతెరువుగా ఎంచుకున్నవారికి ఈ ఊళ్లో ముడిసరుకు ఒక్కటే తేలిగ్గా దొరుకుతుంది. మిగతావన్నీ కష్టమే.

జంషెడ్‌పూర్ జీతాల మీద ఎదిగిన ఊరు. 1907లో కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో ఊరికి జంషెట్‌జీ టాటా పేరు పెట్టారు. నెల జీతం, కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆస్పత్రి, దసరా ముందు బోనస్.. తరాల తరబడి ఇక్కడి కుటుంబాలు కోరుకున్నది ఇదే. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి స్థిరపడిన తెలుగువారూ ఈ కొలువుల కోసం వచ్చినవారే. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. ఇలాంటి ఊళ్లో ఎవరి కిందా పనిచేయని శిల్పి ఏ గడిలోనూ ఇమడడు. పరిశ్రమకు అతను కళాకారుడు, చిత్రకారులకు వెల్డరు, బ్యాంకుకు ఆదాయ ధ్రువీకరణ లేని మనిషి.

అసలు పని చూస్తే కళకు, కార్ఖానాకు మధ్య గీత ఎంత సన్ననిదో తెలుస్తుంది. ముందు కాగితం మీద బొమ్మ, తర్వాత మట్టితోనో థర్మకోల్‌తోనో చిన్న నమూనా. అది ఖాయమయ్యాక కడ్డీలతో అస్థిపంజరం. దాని మీద రేకులో, తుక్కు ముక్కలో అతుకుతూ పోవాలి. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు చదరపు మీటరుకు 23 కిలోలకు పైగా తూగుతుంది. అంటే మనిషంత బొమ్మను తిప్పి పడుకోబెట్టాలన్నా చెయిన్ పుల్లీ కావాలి. పొడవాటి అతుకును ఒకే ఊపులో వేస్తే వేడికి రేకు మెలి తిరుగుతుంది. అందుకే ముందు అక్కడక్కడా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, ఆ తర్వాత పూర్తి అతుకు వేస్తారు. ఆపైన రోజుల తరబడి గ్రైండింగ్. బొమ్మ నిలబడ్డాక కూడా పని అయిపోదు. ఇక్కడి వానాకాలపు తేమలో రెడ్ ఆక్సైడ్ పూయని ఇనుము కొద్ది రోజుల్లోనే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే తుప్పు బాధ తగ్గుతుంది కానీ ధర, ఆర్గాన్ వెల్డింగ్ ఖర్చు పెరుగుతాయి.

ఇంత పనికి గ్యాస్ సిలిండర్లు, త్రీఫేజ్ కరెంటు, లారీ వచ్చి ఆగే జాగా ఉండాలి. ఇళ్ల మధ్య గ్రైండర్ మోత ఎవరూ భరించరు. జంషెడ్‌పూర్ నగర భూమిలో ఎక్కువ భాగం దశాబ్దాలుగా టాటా స్టీల్ లీజులో ఉన్నదే. సొంత షెడ్డు అనేది చిన్న శిల్పికి అందని మాట. మిగిలిన దారి నగరం అంచున అద్దె షెడ్డు, లేదంటే తెలిసినవారి ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో ఒక మూల. ఆ యూనిట్‌కు ఆర్డర్లు నిండుగా ఉంటే మూల దొరకదు. ఆర్డర్లు లేకపోతే మూల దొరుకుతుంది కానీ శిల్పాలు కొనేవారు ఉండరు. 2019లో ఆటోమొబైల్ రంగం మందగించి టాటా మోటార్స్ ఇక్కడి ప్లాంటును రోజుల తరబడి మూసినప్పుడు ఆదిత్యపూర్ అంతా చతికిలపడింది. పెద్ద పరిశ్రమ దగ్గితే చిన్నవారికి జ్వరం వచ్చే ఊరిది.

కర్మాగారం గేటు తెరిస్తే ఏం జరుగుతుందో 1962లో ఇటలీలో తేలింది. స్పొలెటో నగరంలో జరిగే ఉత్సవం కోసం ఇటాల్‌సిడర్ అనే ఉక్కు సంస్థ తన ప్లాంట్లను శిల్పులకు అప్పగించింది. అమెరికన్ శిల్పి డేవిడ్ స్మిత్‌కు జెనోవా దగ్గరి వోల్ట్రీలో మూతపడిన ఒక ఫ్యాక్టరీని, కొందరు కార్మికులను ఇచ్చింది. అడిగింది ఒకటో రెండో శిల్పాలు. ఆయన 30 రోజుల్లో 27 చేశారు. స్మిత్‌కు ఇనుము కొత్త కాదు. యువకుడిగా స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడే లోహంతో చెలిమి కుదిరింది. అంతకుముందు స్పెయిన్‌కు చెందిన హులియో గొన్సాలెస్ గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నది కూడా 1918లో ఫ్రాన్స్‌లోని రెనో కర్మాగారంలోనే. తర్వాత పదేళ్లకు పికాసోతో కలిసి లోహశిల్పాలు చేసినప్పుడు ఆ విద్యే అక్కరకొచ్చింది. ఆధునిక లోహశిల్పం ఫ్యాక్టరీలోనే పుట్టిందనడం అతిశయోక్తి కాదు. శిల్పులను అడపాదడపా శిబిరాలకు పిలిచి మర్యాద చేసి పంపడం వేరు, ఏడాది పొడవునా ఒక షెడ్డు తలుపు తెరిచి ఉంచడం వేరు.

ఇక డబ్బు సంగతి. తుక్కుతో చేసిన బొమ్మ కాబట్టి చవకగా వస్తుందన్నది కొనేవారి మొదటి అపోహ. తెనాలి అనుభవం చూస్తే అది తొలగిపోతుంది. అక్కడి సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర తుక్కు ఇనుముతో విగ్రహాలు చేయడంలో పేరు తెచ్చుకున్నారు. వేలాది నట్లతో వారు గాంధీ విగ్రహాన్ని రూపొందించారు. 2021లో రెండు టన్నుల తుక్కుతో 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం చేశారు. పది పదిహేను మంది దాదాపు రెండు నెలలు శ్రమపడ్డారు. ఆ స్థాయి పనికి ఓ ఉజ్జాయింపు లెక్క వేద్దాం. తుక్కు కిలో 35 రూపాయలనుకుంటే రెండు టన్నులకు 70,000 రూపాయలు. రోజుకూలి 800 చొప్పున 12 మందికి 60 రోజులంటే 5.76 లక్షలు. ఇనుముకన్నా చెమట ఖరీదు ఎనిమిది రెట్లు. కరెంటు, ఎలక్ట్రోడ్లు, అద్దె, క్రేను, లారీ ఖర్చులు దీనికి అదనం. శిల్పి ఆలోచనకు కట్టాల్సిన ధర ఈ లెక్కలోకి ఇంకా రానే లేదు.

అందుకే అడ్వాన్సు కీలకం. చేయించుకునేవారు మొదటే గణనీయమైన మొత్తం ఇవ్వకపోతే కూలీల జీతాలు శిల్పి అప్పు చేసి కట్టాలి. ఆఖరి వాయిదా ప్రారంభోత్సవం తర్వాత ఇస్తామనడం ఈ రంగంలో మామూలే. రిబ్బను తెగాక బిల్లు ఎవరికీ గుర్తుండదు. పన్నుల చిక్కూ ఉంది. శిల్పాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 12 నుంచి 5 శాతానికి తగ్గింది కానీ తుక్కు మీద 18 శాతమే. రిజిస్ట్రేషన్ లేని చిన్న శిల్పి ముడిసరుకు మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేడు. ఆర్డర్లు లేని నెలల్లో గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేయాల్సిందే. అది చిన్నతనం కాదు. ఆ గ్రిల్స్ సంపాదనే తర్వాతి శిల్పానికి పెట్టుబడి.

ఒంటికీ ఒక లెక్క ఉంది. అద్దం లేకుండా ఆర్క్ వెలుగు చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లుంటుంది. జింకు పూత ఉన్న తుక్కును అతికితే ఆ పొగకు కొద్ది గంటల్లోనే చలిజ్వరం వస్తుంది. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించింది. ఫ్యాక్టరీలో వెల్డరుకు హెల్మెట్, మాస్క్ ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిది, గాయమైతే పరిహారమూ ఉంటుంది. స్వతంత్ర శిల్పికి యాజమాన్యమూ తానే, కార్మికుడూ తానే. భద్రతా పరికరాలకు పెట్టాల్సిన డబ్బు చాలాసార్లు ఎలక్ట్రోడ్ల డబ్బాకు పోతుంది.

ఇవన్నీ దాటి శిల్పం కూడలిలో నిలబడ్డాక అది ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి అమర్‌నాథ్ సెహగల్ విషయంలో దశాబ్దాలు పట్టింది. ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం 1957లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు కంచు కుడ్యశిల్పం పని అప్పగించింది. 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తున్న ఆ శిల్పం 1962లో పూర్తయింది. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. శిల్పిని మాటవరసకైనా అడగలేదు. సెహగల్ 1992లో కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మిగిలిన భాగాలను తిరిగి ఇచ్చేయాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి ఆయన వయసు 80 దాటింది. 2007లో కన్నుమూశారు.

ఉక్కు నగరాలకు మరింత దగ్గరి ఉదాహరణ భిలాయ్. 1990లలో అక్కడి ఉక్కు కర్మాగారం కోసం జతిన్ దాస్ చేసిన ‘ఫ్లైట్ ఆఫ్ స్టీల్’ అనే భారీ ఉక్కు శిల్పాన్ని 2012లో విప్పి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. తన అనుమతి లేకుండా ఇలా ఎలా చేస్తారని జతిన్ దాస్ నిరసన తెలిపారు. దేశమంతా పేరున్న కళాకారుడికే ఈ గతి పడితే పేరు లేనివారి శిల్పాలు రోడ్డు వెడల్పులో పోయినప్పుడు అడిగేదెవరు?

నిజానికి చట్టం శిల్పి వైపే మొగ్గింది. ఉద్యోగి విధుల్లో భాగంగా చేసిన పని మీద కాపీరైట్ యజమానిది. స్వతంత్రంగా చేసినవారికి ఆ నిబంధన వర్తించదు. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రం, తీయించుకున్న ఫోటో వంటివాటి మీద హక్కు చేయించుకున్నవారిదేనని కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది కానీ ఆ జాబితాలో శిల్పం లేదు. అంటే వేరే ఒప్పందం లేకపోతే బొమ్మ కొన్నవారిది, కాపీరైట్ శిల్పిది. ప్రభుత్వం, ప్రభుత్వ రంగ సంస్థలు తమ ఆధ్వర్యంలో చేయించిన పనులకు మాత్రం మినహాయింపు ఉంది. శిల్పాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కును 57వ సెక్షన్ ఇస్తోంది. కాపీరైట్ అమ్మేసినా ఆ హక్కు శిల్పిని వదలదు. శిల్పం 10,000 రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే అందులో వాటా కోరే అవకాశం 53ఎ సెక్షన్‌లో ఉంది. జీతం వదులుకున్నవారికి చట్టం ఇచ్చిన ప్రతిఫలం ఇదేననుకోవాలి.

చిక్కల్లా ఈ హక్కులు కాగితం మీదికి రాకపోవడమే. చాలా పనులు ఫోన్ మీద మాట్లాడుకుని, చిన్న కొటేషన్ ఇచ్చి మొదలవుతాయి. ఆ కొటేషన్‌లో ఇనుము బరువు, ఎత్తు, రంగు ఉంటాయి. శిల్పి పేరు ఎక్కడ చెక్కాలి, తుప్పు పడితే ఎవరు బాగుచేయాలి, తీసేయాల్సి వస్తే ముందుగా ఎవరికి చెప్పాలి అన్నవి ఉండవు. ఈ మూడు వాక్యాలు చేర్చడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు. ఆర్డరు చేజారుతుందన్న భయంతో శిల్పి అడగడు, అడగలేదు కాబట్టి ఎదుటివారు రాయరు. ఉక్కును వంచడం నేర్చినవారు బేరం దగ్గర తామే వంగిపోతున్నారు. వెల్డింగ్ టార్చ్ పట్టడం నేర్పే చోట ఒప్పందం రాయడం కూడా నేర్పితే జంషెడ్‌పూర్‌లోనైనా తెనాలిలోనైనా శిల్పం తుక్కు ధరకు మారుబేరం కాకుండా ఉంటుంది.