హైడ్రోజన్ కారు: నీళ్లు తాగదు, నీళ్లు వదులుతుంది

2022 మార్చి 30న కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ టొయోటా కంపెనీ మిరాయ్ కారులో పార్లమెంటుకు వచ్చారు. అందులో పెట్రోలు లేదు, డీజిల్ లేదు. కారు కింది గొట్టంలోంచి పొగకు బదులు నీళ్లు వస్తాయి. ఇలాంటి కార్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "నీళ్లతో నడిచే కారట" అనే మాట వినపడుతుంది.

ఆ మాట తలకిందులుగా ఉంది. నీరు ఈ కారుకు ఇంధనం కాదు. కట్టె కాలాక మిగిలే బూడిద ఎలాంటిదో, హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిశాక మిగిలే నీరు అలాంటిది. ఇక అందులోంచి పిండుకోవడానికి శక్తి ఏమీ ఉండదు. దాన్ని మళ్లీ హైడ్రోజన్‌గా మార్చాలంటే బయటినుంచి మనమే శక్తి పెట్టాలి. ఈ సంగతిని కాసేపు పక్కన ఉంచి, ముందు యంత్రం సంగతి చూద్దాం.

హైడ్రోజన్ కారు కూడా ఒక కరెంటు కారే. చక్రాలను తిప్పేది ఎలక్ట్రిక్ మోటారే. మామూలు ఎలక్ట్రిక్ కారు ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకున్న కరెంటును బ్యాటరీలో దాచుకుని వాడుకుంటుంది. హైడ్రోజన్ కారు తనకు కావలసిన కరెంటును నడుస్తూనే తయారు చేసుకుంటుంది. ఆ తయారీ జరిగే చోటే ఫ్యూయల్ సెల్ (ఇంధన ఘటం).

ఘటం మధ్యలో పలచని ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. పొరకు రెండు పక్కలా ప్లాటినం రేణువులు కలిసిన కార్బన్ పూత పూస్తారు. ప్లాటినం ఇక్కడ ఉత్ప్రేరకం (తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగపరిచే పదార్థం). ఒక పక్క నుంచి హైడ్రోజన్ వస్తుంది. రెండో పక్క నుంచి మామూలు గాలి వస్తుంది.

ప్లాటినాన్ని తాకగానే హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ఆ పొర గొప్పతనం ఇక్కడే ఉంది. అది ప్రోటాన్లను తనలోంచి పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను పోనివ్వదు. అవతలి పక్కకు చేరాలంటే ఎలక్ట్రాన్లకు బయటి తీగ ఒక్కటే దిక్కు. ఆ తీగ దారిలో మోటారు ఉంటుంది. ఎలక్ట్రాన్లు మోటారును తిప్పి అవతలికి వెళ్లి, అక్కడ ప్రోటాన్లతోనూ గాలిలోని ఆక్సిజన్‌తోనూ కలుస్తాయి. నీరు పుడుతుంది. హైడ్రోజన్‌ను బయట వెలిగించినా జరిగేది ఇదే చర్య. కాకపోతే అక్కడ శక్తి అంతా ఒక్కసారిగా మంటై పోతుంది. ఘటంలో ఆ చర్యను రెండు గదులుగా విడదీసి, ఎలక్ట్రాన్లను చుట్టుదారి పట్టిస్తారు. మనకు అందే కరెంటు ఆ చుట్టుదారి ప్రయాణమే.

ఒక్క ఘటం ఇచ్చే వోల్టేజి చాలా తక్కువ. లెక్క ప్రకారం 1.23 వోల్టులు రావాలి. పనిలో ఉన్నప్పుడు వచ్చేది 0.6 నుంచి 0.7 వరకే. అందుకే వందల ఘటాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి బిగిస్తారు. ఆ దొంతరను స్టాక్ అంటారు. 2020లో వచ్చిన రెండో తరం మిరాయ్‌లో 330 ఘటాలున్నాయి. అన్నీ కలిసి 128 కిలోవాట్ల దాకా ఇస్తాయి.

చెప్పడానికి తేలికే గానీ, నడిపించడంలో చిక్కులున్నాయి. ఆ పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండిపోతే ప్రోటాన్లు కదలవు. తడి మరీ ఎక్కువై నీరు నిలిస్తే ఆక్సిజన్ లోపలికి చేరదు. కారు ఎత్తు ఎక్కినా, సిగ్నల్ దగ్గర ఆగినా ఈ తడిని సరిచూస్తూనే ఉండాలి. వేడితో మరో పేచీ. ఈ ఘటాలు 60 నుంచి 80 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి. పెట్రోలు ఇంజన్ వేడిలో పెద్ద భాగం పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు, దాదాపు అంతా రేడియేటరే మోయాలి. రెంటచింతల ఎండలో బయటే 45 డిగ్రీలుంటే, లోపలికీ బయటికీ తేడా తగ్గి చల్లబరచడం కష్టమవుతుంది. దాంతో రేడియేటరును పెద్దది చేయక తప్పదు. కార్బన్ మోనాక్సైడ్ లేశమాత్రం కలిసినా ప్లాటినం పని మందగిస్తుంది. కాబట్టి 99.97 శాతం స్వచ్ఛత ఉన్న హైడ్రోజనే పోయాలి.

ఇది కొత్త విద్య కాదు. వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్ 1839లోనే ఇలా కరెంటు పుట్టించి చూపాడు. 1965లో జెమిని 5 అంతరిక్ష నౌకలో ఇంధన ఘటాలు వాడారు. తర్వాత అపోలో యాత్రికులు తమ ఘటాల్లో పుట్టిన నీటినే తాగారు. 1966లో జనరల్ మోటార్స్ ఒక వ్యానులో ఘటాలు అమర్చింది. ట్యాంకులు, గొట్టాలు ఆక్రమించగా లోపల మనుషులకు మిగిలిన చోటు కొంచెమే.

చోటు సమస్య నేటికీ ఉంది. బరువు లెక్కన చూస్తే హైడ్రోజన్‌లో పెట్రోలుకు సుమారు మూడు రెట్ల శక్తి ఉంటుంది. కానీ అది అతి తేలికైన వాయువు. మామూలు ఒత్తిడిలో ఒక కిలో హైడ్రోజన్ పట్టాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల చోటు కావాలి. అందుకే 700 బార్ల ఒత్తిడితో, అంటే గాలి పీడనానికి 700 రెట్లతో, కార్బన్ ఫైబర్ చుట్టిన ట్యాంకుల్లో కుక్కుతారు. మన సీఎన్‌జీ ఆటోల్లో ఉండేది 200 బార్లే. మిరాయ్ మూడు ట్యాంకుల్లో కలిపి పట్టేది 5.6 కిలోలు. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. అయితే అంత వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది. అందుకని బంకులోనే హైడ్రోజన్‌ను సున్నాకు 40 డిగ్రీల దిగువ దాకా చల్లబరిచి పంపుతారు. కంప్రెసర్లు, శీతల యంత్రాలు, పటిష్ఠమైన ట్యాంకులు అన్నీ కలిసి బంకు ఖర్చును పెంచేస్తాయి. కాలిఫోర్నియాలో కార్లకు హైడ్రోజన్ నింపే తన బంకులను షెల్ 2024లో మూసేసింది.

భద్రత గురించి క్లుప్తంగా. హైడ్రోజన్ లీకైతే గాలికన్నా 14 రెట్లు తేలిక కనుక పైకి లేచి చెదిరిపోతుంది. అది మేలే. కానీ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకోగలదు. పగటి వెలుగులో దాని మంట కంటికి సరిగా కనపడదు. 2019 జూన్‌లో నార్వేలోని సాండ్‌వికా బంకులో పేలుడు జరిగింది. బోల్టులు సరిగా బిగించకపోవడమే కారణమని తేలింది.

ఇప్పుడు పక్కన పెట్టిన సంగతికి వద్దాం. హైడ్రోజన్ భూమిలో తవ్వుకునేంత సులువుగా, కావలసినంతగా దొరకడం లేదు. దాన్ని తయారు చేయాలి. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ భాగం సహజ వాయువు, బొగ్గు నుంచే వస్తోంది. సహజ వాయువు నుంచి ఒక కిలో తీస్తే తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మిరాయ్ కిలోకు సుమారు 100 కిలోమీటర్లు నడుస్తుంది. చిన్న పెట్రోలు కారు అంతే దూరానికి వదిలేది పదకొండు, పన్నెండు కిలోలు. అంటే కారు గొట్టం దగ్గర మాయమైన పొగ, ఫ్యాక్టరీ గొట్టం దగ్గర తేలిందన్నమాట.

రెండో దారి ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం). సౌర, పవన విద్యుత్తుతో చేస్తే గ్రీన్ హైడ్రోజన్ అంటారు. కిలోకు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. కుక్కడానికి, చల్లబరచడానికి మరికొన్ని. మొత్తం 60 యూనిట్లు అనుకుందాం. దానితో కారు 100 కిలోమీటర్లు వెళుతుంది. అవే 60 యూనిట్లు బ్యాటరీ కారులో పోస్తే, చార్జింగ్ నష్టాలు పోను, 300 కిలోమీటర్లు దాటుతుంది. కరెంటును హైడ్రోజన్‌గా, హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మార్చే ప్రతి మెట్టులోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. ఇంధన ఘటాన్ని ఎంత మెరుగుపరిచినా, ఈ తేడా తగ్గుతుందేమో గానీ పోదు. సొంత కార్ల పోటీలో బ్యాటరీ గెలిచిందనే నా అంచనా.

బరువైన లారీలు, దూరప్రయాణపు బస్సుల లెక్క కొంచెం వేరు. పెద్ద బ్యాటరీల బరువు సరుకు చోటును తినేస్తుంది. గంటల తరబడి చార్జింగ్ పెడితే బండి ఖాళీగా నిలబడిపోతుంది. అందుకే అక్కడ ప్రయోగాలు ఆగలేదు. సముద్ర మట్టానికి 3,650 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ ఐదు హైడ్రోజన్ బస్సులు, ఒక బంకు, వాటి కోసమే ఒక సౌర విద్యుత్ కేంద్రం ఏర్పాటు చేసింది. అక్కడి పలచని గాలిలోంచి చాలినంత ఆక్సిజన్ అందించడమే ఆ ఘటాలకు పరీక్ష. అయితే లారీల బ్యాటరీలు కూడా ఏటేటా చవకవుతున్నాయి కనుక ఇక్కడా హైడ్రోజన్ గెలుపు ఖాయమని చెప్పలేం.

మరి 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఎందుకు ఆమోదించింది? 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారు చేయాలని లక్ష్యం ఎందుకు పెట్టుకుంది? ఎరువుల కర్మాగారాలకు అమ్మోనియా కోసం, చమురు శుద్ధి కర్మాగారాలకు గంధకం తీసేయడం కోసం హైడ్రోజన్ ఎలాగూ కావాలి. ఆ పని బ్యాటరీ చేయలేదు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ తలపెట్టిన కేంద్రానికి ప్రధాని 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారు చేయాలన్నది అక్కడి ప్రణాళిక. అందులో ప్రకటించిన ఉత్పత్తులు మిథనాల్, యూరియా, విమాన ఇంధనం. అవీ ముఖ్యంగా ఎగుమతి కోసమే.