తడి తగిలితే పుట్టే మందు

నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు తేనె అంటే సగం తిండి, సగం మందు. చెంచులు పొగబెట్టి, తాళ్ల మీద కొండచరియలకు దిగి తెచ్చే తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుంది. తెగిన వేలికీ కాలిన చేతికీ తేనె రాయడం పాత అలవాటే, అందులో నిజం కూడా ఉంది. కాకపోతే ఆ మందు సీసాలో సిద్ధంగా ఉండదు. చాలావరకు తడి తగిలాకే పుడుతుంది.

సీసాలో తేనెను చెడిపోకుండా కాచేది చక్కెర. నూటికి 80 పాళ్లు చక్కెరలే, నీరు 20కి లోపు. అందులో పడ్డ సూక్ష్మజీవి, ఉప్పులో వేసిన మామిడి ముక్కలాగా, తన ఒంట్లో నీరు వదిలేస్తుంది. అలాగైతే చిక్కటి పంచదార పాకం చాలదా? పాకమూ కొంత పనిచేస్తుంది. కానీ పుండు చెమ్మకు పలచబడితే దాని బలం తగ్గిపోతుంది, తేనెకు అప్పుడే అసలు పని మొదలవుతుంది. తేనెటీగ తన గ్రంథుల నుంచి కలిపిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, నీరు తగలగానే హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా వదులుతుంది. ఆస్పత్రిలో పుండు మీద పోస్తే బుసబుస నురగ కక్కేది ఇదే, తేనెలో మాత్రం చాలా పలచగా ఉంటుంది. పెరాక్సైడును విరగ్గొట్టే కాటలేజ్‌ను ఆ పలచని తేనెలో కలిపి చూస్తే, చాలా రకాల్లో క్రిములను ఆపే శక్తి అక్కడికక్కడే పడిపోతుంది. న్యూజిలాండ్ మనూకా తేనెది వేరే దారి. దాని బలం మిథైల్‌గ్లయాక్సాల్‌ది. మన తేనెలోని గ్లూకోజ్ ఆక్సిడేజ్ మాత్రం ఎంజైము కాబట్టే వేడికి ఓర్వదు. పేరుకున్న తేనెను కల్తీ అనుకుని పొయ్యి మీద కరిగిస్తే తీపి మిగులుతుంది, మందు పోతుంది. పేరుకోవడం గ్లూకోజ్ గుణం, కల్తీకి గుర్తు కాదు.

ఇదంతా గాజుపళ్లెంలో మాటే కదా, మనిషి ఒంటి మీద సంగతేమిటని అడగడం న్యాయమే. షోలాపూర్‌లో డాక్టర్ ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన రోగులపై తేనెనూ సిల్వర్ సల్ఫాడయజీన్ పూతనూ పోల్చి చూసి, తేనెదే పైచేయి అని 1991లో ప్రచురించారు. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2015 నాటి కోక్రేన్ సమీక్ష, చర్మం పూర్తి లోతు వరకు కాలని గాయాలు మామూలు కట్లకన్నా నాలుగైదు రోజులు ముందే మానాయంది. షుగరు రోగి కాలి పుండు విషయంలో మాత్రం అలా గట్టిగా చెప్పలేకపోయింది. అందుకని పెర పిండిన తేనెను లోతు పుండులో నింపమని నేననను. పెరాక్సైడుకు చావని బాక్టీరియా బీజాలు అందులో ఉండొచ్చు. గాయాలకు కట్టే వైద్య తేనెను గామా కిరణాలతో శుద్ధి చేసేది వాటి కోసమే. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం వద్దనడమూ అందుకే. బొటులిజం బీజం ఏడాదిలోపు పసిపేగులో మొలకెత్తి విషం కక్కగలదు. ఆ వయసు దాటాక పేగులో స్థిరపడిన సూక్ష్మజీవులే దానికి చోటివ్వవు.