పట్టాలవే... బొమ్మలు మారాయి!

గోదావరి జిల్లాల్లో తీర్థానికి వెళ్ళినవారికి చెప్పనక్కర్లేదు. ఓ పక్క రంగులరాట్నం తిరుగుతుంటుంది, ఇంకో పక్క తెల్లవార్లూ నాటకం సాగుతుంటుంది. రాట్నం మీది హీరోగారి బొమ్మ కాలాన్నిబట్టి మారిపోతుంది. దానికెవరూ కోర్టుకెక్కరు. మరి నాటకంలోని బొమ్మని మార్చాలంటేనో? అక్కడే వస్తుంది చిక్కంతా!

ఈ చిక్కు మనకొక్కరికే కాదండోయ్. అమెరికావాళ్ళకీ తప్పలేదు.

అమెరికా రాట్నం

కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1989లో 'స్ప్లాష్ మౌంటెన్' అని ఓ నీటి సవారీ పెట్టారు. దుంగలాంటి పడవలో కూర్చోబెట్టి, కొండమీంచి ఒక్కసారిగా నీళ్ళలోకి జార్చేస్తారు. గుండె ఝల్లుమంటుంది! అందులోని ముఖ్యమైన బొమ్మలు 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ది సౌత్' చిత్రంలోవి. నల్లజాతివారి కష్టకాలాన్ని తీపి కలలా చూపించారని ఆ చిత్రంమీద మొదట్నించీ విమర్శే. కంపెనీవారు తమ దేశంలో దాని వీడియో కేసెట్టు కూడా విడుదల చెయ్యలేదు.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ మరణం తర్వాత అమెరికా అట్టుడికిపోయింది. ఆ జూన్‌లోనే సవారీని మారుస్తామని కంపెనీ ప్రకటించింది. 2024లో అదే కొండ 'టియానాస్ బాయూ అడ్వెంచర్'గా తెరుచుకుంది. టియానా ఎవరంటారా? 2009లో వచ్చిన 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' నాయిక, నల్లజాతి యువరాణి. కొండ అదే, నీళ్ళవే, జారుడూ అదే. మారింది బొమ్మలూ, పాటలూ!

పాత సవారీతో పెరిగినవాళ్ళు బాధపడ్డారు. కొత్తతరం సంతోషించింది. కంపెనీకి ధర్మమూ దక్కింది, కొత్త చిత్రానికి ప్రచారమూ దక్కింది. వ్యాపారం కదండీ మరి!

మన 'చింతామణి'

ఇక మన గడపలోకి వద్దాం. పశ్చిమ గోదావరి మత్స్యపురిలో 1871లో పుట్టిన కాళ్ళకూరి నారాయణరావుగారు సంఘ సంస్కరణ కోసం కలం పట్టారు. తాగుడుమీద 'మధుసేవ', కట్నాలమీద 'వరవిక్రయం', వేశ్యాలోలతమీద 'చింతామణి' రాశారు. 1939లో 'వరవిక్రయం' చిత్రంతోనే భానుమతి వెండితెరకి పరిచయమయ్యారు. 1956లో తమ భరణీవారి 'చింతామణి'లో ఆమే నాయిక. బిల్వమంగళుడు ఎన్.టి.రామారావు, సుబ్బిశెట్టి రేలంగి!

కథలో చింతామణి వలలో పడి ఆస్తి తగలేసుకున్నవాళ్ళలో సుబ్బిశెట్టి ఒకడు. వాడి గతి చూసి జనం బుద్ధి తెచ్చుకోవాలని రచయిత ఉద్దేశం. కానీ తీర్థంలో అర్ధరాత్రివేళ జనం అడిగేది బుద్ధి కాదు, నవ్వు! ఈలలు పడేచోట నటులు మాట పెంచారు. మాట పెరిగినకొద్దీ బూతు పెరిగింది. కాంట్రాక్టు ఇచ్చే కమిటీలూ "శెట్టి సీను బాగా లాగండి" అన్నాయి. చివరికి చింతామణికి జ్ఞానోదయమయ్యే ఘట్టానికి సగం జనం నిద్రలో ఉండేవారు! అంటే ఆ నాటకాన్ని మొదట మార్చింది సంఘాలూ కాదు, సర్కారూ కాదు. మన ఈలలే!

ఆ నవ్వు ఎవరికి తగిలింది? "సుబ్బిశెట్టీ" అని వెక్కిరింపు పడ్డ పిల్లాడికి అది నాటకం కాదు, అవమానం. ఆర్యవైశ్య సంఘాలవారి బాధని కొట్టిపారెయ్యలేం. వారి విజ్ఞప్తిమీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని మొత్తంగా నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. వేషగాళ్ళు, హార్మోనిస్టులు, తబలావాళ్ళు... ఆ నాటకాన్నే నమ్ముకున్నవాళ్ళ నోటిదగ్గర కూడు పోయింది.

మూడు దారులు

మన చిత్రసీమలోనూ ఇలాంటిదే జరిగింది. 2019 సెప్టెంబరులో హరీష్ శంకర్ దర్శకత్వంలో వరుణ్ తేజ్ నటించిన 'వాల్మీకి' విడుదలకి సిద్ధమైంది. ఓ గూండా కథకి ఆదికవి పేరేమిటని బోయ కులస్థులు అభ్యంతరం చెప్పారు. విడుదలకి ముందురోజు పేరు 'గద్దలకొండ గణేష్' అయింది. బొమ్మ ఆడింది, ఎవరి కూడూ పోలేదు.

సినిమావాళ్ళు పేరు మార్చారు. అమెరికావాళ్ళు బొమ్మలు మార్చారు. మనం మాత్రం 'చింతామణి' గేటుకే తాళం వేశాం!

తరవాత చేరిన బూతు తీసెయ్యండి. శెట్టి అన్న పేరు నొప్పిస్తే ఆ పేరూ తీసెయ్యండి. ఆడదాని మోజులో ఆస్తి తగలేసుకునేవాడికి కులంతో పనేముంది? కాళ్ళకూరివారి పద్యం మిగలాలి, దాన్ని పాడే గొంతుకి సంక్రాంతికి నాలుగు రూకలు రావాలి. ఎవరి పిల్లాడూ తలొంచుకోకుండా అందరూ కలిసి చూడగలగాలి.

రంగులరాట్నానికి కొత్తరంగు వెయ్యడం కాలధర్మం. రాట్నాన్నే పీకేస్తే తీర్థానికి అందమేముంది? ఏమంటారు?