ముంగిటి గుమ్మడికాయ



గడివేముల ప్రాంతమున ఒక పెద్ద నన్నొక ప్రశ్న అడిగిరి. వారి కుమార్తె భర్తతో కూడ అమెరికాలో కాపురమున్నది. ఒకనాటి యుదయమున ఆమె చేతిఫోనులో తన యింటి ముంగిలిని తండ్రికి చూపినది. మెట్లమీద వరుసగా గుమ్మడికాయలు. వానికి కన్నులు, ముక్కు, కోరలు చెక్కి లోపల దీపములుంచినారు. ద్వారబంధమునకు దూదితో సాలెగూళ్లు అల్లినారు. చెట్టుకొమ్మ నుండి అస్థిపంజరపు బొమ్మ యొకటి వ్రేలాడుచున్నది. మనుమరాలు ఆ బొమ్మ ప్రక్కన నిలిచి నవ్వుచున్నది. ఆ పెద్ద మిక్కిలి కలతపడి, "అయ్యా! పండుగనాడు గుమ్మమున ఎముకల బొమ్మ కట్టుట ఏమి యాచారము? పిల్లలకు కీడు కలుగదా? తీసివేయుమని చెప్పుదునా, ఊరకుందునా?" అని అడిగిరి.

పిల్లలు దూరదేశములందున్న యిండ్లలో ఇట్టి సందేహము పలువురికి కలుగును. ఒక్కమాట తొందరపడి పలికినచో తండ్రికిని బిడ్డకును నడుమ పొరపొచ్చెము వచ్చును. కావున ఆ అలంకారమేమో, దానికిని మన ముంగిటి యలంకారమునకును గల పోలికలు, భేదములు ఏమో నేడు విచారింతము.

ఆ పండుగ పేరు హాలోవీన్. అది అక్టోబరు 31వ తేది రాత్రి జరుగును. మరునాడు, అనగా నవంబరు 1వ తేది, క్రైస్తవులకు సకల పుణ్యపురుషుల దినము. 2వ తేది మృతులను స్మరించు దినము. పుణ్యపురుషుల దినమునకు ముందటి సాయంకాలమని ఆ పేరున కర్థము. అంతకు పూర్వము నుండియు ఐర్లండు, స్కాట్లండు దేశములవారు పంటలు ముగిసి చలికాలము ప్రవేశించు ఆ సంధికాలమును పండుగగా జరుపుకొనుచుండిరి. ఆ రాత్రి చనిపోయినవారును, కంటికి కనబడని శక్తులును మనుష్యలోకమునకు వత్తురని వారి నమ్మకము. వానిని బెదరించుటకై టర్నిప్ అను దుంపను తొలిచి, వికృతమైన ముఖము చెక్కి, లోపల దీపముంచి, గుమ్మమునను గవాక్షమునను పెట్టెడివారు. 19వ శతాబ్దమున, విశేషించి 1845లో మొదలైన ఘోరమైన కరవులో, ఐర్లండు ప్రజలు లక్షలకొలది అమెరికాకు వలసపోయిరి. ఆ దేశమున గుమ్మడి విరివిగా పండును; దుంపకంటె పెద్దది, తొలుచుటకు సులభము. ఈ రీతిని దుంప స్థానము గుమ్మడికి దక్కినది.

ఇక మనవైపు చూతము. భాద్రపద బహుళపక్షము మనకు మహాలయపక్షము. పితృదేవతలకు తర్పణములిచ్చు కాలము. పిదప నెలకు దీపావళి యమావాస్య. ఆ సంధ్యవేళ కాగడాలు వెలిగించి యెత్తిచూపుట పితరులకు త్రోవ చూపుటయే యని పెద్దలు చెప్పుదురు, దానినే ఉల్కాదానమందురు. కార్తికమున ఆకాశదీపము నెత్తుదురు. వర్షకాలము వెనుకపడి చలి మొదలగు తరుణమున, రాత్రులు దీర్ఘములగుచుండగా, చనిపోయినవారిని తలంచుకొని గుమ్మమున దీపముంచుట రెండు దేశములకును సమానమైన బుద్ధియే. 2024వ సంవత్సరమున దీపావళియు హాలోవీనును ఒక్క దినముననే, అక్టోబరు 31వ తేదినే వచ్చినవి. అమెరికాలోని మనవారు పెక్కుమంది ఆ రాత్రి ఒకే మెట్టుమీద ప్రమిదలను, చెక్కిన గుమ్మడికాయలను ప్రక్క ప్రక్కన ఉంచిరి.

"అదియంతయు సరియే, కాని భయంకర రూపమును గుమ్మమున నిలుపుట మన సంప్రదాయము కాదు గదా" యని యనుకొందురేమో. మన ఊరిలోనే నాలుగు వీధులు తిరిగి చూడుడు. కట్టుచున్న మిద్దెపై గడ్డితో కూర్చి, నల్లని ముఖమునకు తెల్లని కోరలు దిద్దిన దిష్టిబొమ్మ నిలిచియుండును. పైరు నడుమ కుండకు కన్నులు వ్రాసి నిలుపుదుము. ఇంటి ముందు వ్రేలాడు గుమ్మడికాయకును కొందరు మీసములు, కోరలు దిద్దుదురు. దేవాలయములలో ద్వారముల మీదను, మకరతోరణముల శిఖరమునను గ్రుడ్లురుము కీర్తిముఖమును శిల్పులు చెక్కినారు. చెడును బెదరించు ముఖము వాకిట నుండవలెనను తలంపు మనకును పరిచితమే. భేదమేమన, మనము దానిని రక్షగా భావింతుము. వారు నేడు దానిని వేడుకగా చేసికొనుచున్నారు. పిల్లలు వేషములు ధరించి యింటింటికి పోయి మిఠాయిలు పుచ్చుకొందురు. మన పగటివేషములవారు గడపగడపకు పోవుట మీకు జ్ఞాపకమే కదా.

గుమ్మడిని గురించి ఒక చిత్రమైన సంగతి కలదు. మనము దిష్టికి కట్టునది బూడిదగుమ్మడి. అది ఆసియాఖండమునందలి తీగ. కూరకు, పులుసుకు వాడు తీపిగుమ్మడియో, అమెరికాఖండమున పుట్టినది; 1492లో కొలంబసు ప్రయాణము పిదప తక్కిన దేశములకు వ్యాపించినది. వారు చెక్కు గుమ్మడి ఈ తీపిగుమ్మడి కుటుంబములోనిదే. అనగా వారి గుమ్మమునందలి కాయకు చుట్టము మన పులుసులో నున్నది.

ఇంకొక భేదము గమనింపుడు. బూడిదగుమ్మడిపై బూడిదవలె కనబడునది సన్నని మైనపు పూత. లోపలి తడిని పోనీయక, వెలుపలి క్రుళ్లును రానీయక అది కాయను కాపాడును. అందుచేతనే గాయము లేని కాయ, తొడిమతో కోసినది, ఉట్టిలో కట్టినను నెలలకొలది నిలుచును. గోటిగాటు పడినను, తొడిమ ఊడినను శీఘ్రముగా క్రుళ్లును. వారు కాయను తొలిచి చెక్కుదురు గనుక అది కొన్ని దినములకే ముడుతలుపడి బూజు పట్టును. కాబట్టి మన యింటి గుమ్మడి త్వరగా చెడినచో, దిష్టి తగిలెనని కలతపడుటకు ముందు, తెచ్చినప్పుడు తొడిమ యున్నదా, దెబ్బ తగిలెనా యని చూడవలెను.

ముంగిటి యలంకారము కేవలము అందమునకు కాదు. వీధిని పోవువారితో ఇల్లు మాటలాడు తీరు అది. వాకిట కలాపి చల్లి ముగ్గుపెట్టియున్న యింట క్షేమమని యర్థము. ముగ్గులేని వాకిలి చూచి, ఆ యింట మైలయో, కష్టమో కలిగినదని ఎరిగి, పెద్దలు అడుగు నిలిపి విచారింతురు. హాలోవీన్ రాత్రి అచటను ఇట్టి సంకేతమే కలదు. గుమ్మమున దీపము వెలుగుచున్నచో పిల్లలు రావచ్చుననియు, దీపము ఆర్పియున్నచో ఆ యింటి తలుపు తట్టరాదనియు వారు గ్రహింతురు. నోటితో చెప్పలేని మాటను ముంగిలి చెప్పును.

మన నంద్యాల సీమకు ఈ విషయమున గొప్ప భాగ్యము కలదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనులలో నాపరాయి పలకలు పలకలుగా దొరకును. అది సున్నపురాతి జాతి. దానితో మనవారు తిన్నెలు కట్టిరి, వాకిళ్లు పరచిరి. సున్నపురాతిని బట్టీలో కాల్చినచో సున్నమగును. సున్నమును నీటిలో కలిపి గోడకు పూయగా, అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని గ్రహించి మరల రాయిగా మారును. గోడకు తెల్లదనము నిచ్చునది తిన్నెకు పరచిన రాతి జాతియే. అడుగున దిద్దు ఎఱ్ఱని జాజు ఇనుపధాతువుగల మన్ను. బూడిదవన్నె నాపరాతిపై తెల్లని ముగ్గు ఎంత చక్కగా తేలునో మన స్త్రీలెరుగుదురు. దుకాణమున కొన్న అట్టబొమ్మ గాని, ప్లాస్టిక్ తోరణము గాని ఈ అందమునకు సాటిరాదు. మామిడాకు వాడి యెండి మన్నులో కలియును; ప్లాస్టిక్ ఆకు కాలువలో చిక్కి నీటిని నిలుపును.

ఇక పెద్దలు మనస్సునుంచవలసిన కొన్ని జాగ్రత్తలు. మొదటిది, రోడ్డుమీద గుమ్మడికాయ కొట్టుట. విజయదశమి వేళలను, అమావాస్యలను దిష్టితీసి కాయను నడివీధిలో పగులగొట్టుదురు. ఆ గుజ్జు నూనెవలె జారును. చీకటిలో మోటారుసైకిలు చక్రము దానిపై పడెనా, నడపువాడు నేలబడును. ఒకయింటి దిష్టి తీయబోయి మరియొక యింటి బిడ్డకు ప్రాణాపాయము తెచ్చుట ధర్మము కాదు. కాయలో నాణెములు పెట్టినచో వానికై పిల్లలు బండ్ల నడుమకు పరుగెత్తుదురు. వాకిటి ప్రక్కనే కొట్టి, వెంటనే యెత్తి పెంటదిబ్బలో వేసినచో ఆచారమును నిలుచును, ఎరువును అగును. ఈ మాట పిల్లలు చెప్పిన వినరు. ఊరిపెద్దలు ముందు తమ వాకిట చేసి చూపవలెను.

రెండవది, నిప్పు. జొన్నచొప్ప, గడ్డిబొమ్మ, కాగితపు తోరణము ఉన్నచోట ప్రమిద నుంచరాదు. అమెరికాలోను కాయలోని కొవ్వొత్తి పిల్లల వేషముల కంటుకొను ప్రమాదము కలదని, నేడు చాలమంది చిన్న విద్యుద్దీపములను వాడుచున్నారు. మూడవది, సున్నము. పచ్చిసున్నము నీటితో మరిగి చిందును. కంటబడినచో చూపునకే ముప్పు. పిల్లలను దూరముగ నుంచవలెను. పొరపాటున పడినచో మంచినీటితో చాలసేపు కడిగి వెంటనే వైద్యునికడకు పోవలెను. నాలుగవది, తడిసిన నాపరాయి జారును. వృద్ధులు మెట్లు దిగు త్రోవలో కలాపి నీరు నిలువనీయరాదు.

ఆ పెద్ద ప్రశ్నకు నేనిచ్చిన సమాధానము చెప్పి ముగింతును. "అయ్యా! ఆ బొమ్మ వారి యింటిపై కీడును కోరి కట్టినది కాదు. ఇరుగుపొరుగు పిల్లలు రాగా, మీ మనుమరాలు ఒంటరిది కాకుండుటకై కట్టినది. వలదన్నచో ఆ రాత్రి ఆ వీధిలో దీపము లేని గుమ్మము మీ బిడ్డదే యగును. దానికి బదులు, దీపావళికి అదే మెట్టుమీద ముగ్గు పెట్టి ప్రమిద నుంచుమని చెప్పుడు, ఎట్లు పెట్టవలెనో మీ యింటివారిచేత చూపింపుడు" అంటిని.

వారు కొంతసేపు ఊరకుండి, మరునాటి యుదయమున ఫోనులో మనుమరాలితో, "ఏమమ్మా, ఆ కాయకు కోరలు నీవే చెక్కితివా?" యని అడిగిరట. ఆ బిడ్డ సంతోషముతో కాయను ఎత్తి చూపినదట. వారి భార్య ఈవల తిన్నెముందర కూర్చుండి చుక్కల ముగ్గును మెల్లమెల్లగా పెట్టి చూపినదట. ముంగిలి ఎంత దూరముననున్నను, పలుకరించువారుండిన చాలును. అది మన ముంగిలియే.